డబుల్ డెక్కర్ మేడ మీది 30 సీట్లు: షెడ్డు డైరీ

ఫిబ్రవరి 8, 2025, శనివారం

పై అంతస్తు సీట్లన్నీ ఇవాళ్టితో కిందికి దిగాయి. ఇద్దరేసి కూర్చునే సీట్లు 15. ఒక్కోదానికి కింద కుషను, వెనక బ్యాకు. మొత్తం 30 ముక్కలు. బస్సు మెట్లు ఇరుకు, మలుపు దగ్గర మరీ ఇరుకు. ఒకరు పైనుంచి అందిస్తే మలుపులో ఇంకొకరు పట్టుకుని, బస్సు వెనక జనం ఎక్కే ప్లాట్‌ఫాం మీదున్న వాళ్లకి దించారు. ఆరుగురం, మూడు గంటలు పట్టింది.

మాది ఇంగ్లండులో సర్రే కౌంటీలో ఒక పొలం చివరి పాత గోదాము. అందులో తొమ్మిది బస్సులు. అందరం వాలంటీర్లమే. శని, బుధవారాలు వస్తాం, ఎవరికీ జీతం లేదు. ఇదే సర్రేలో బ్రూక్‌లాండ్స్ దగ్గర లండన్ బస్ మ్యూజియం ఉంది. 2011లో అక్కడ తెరిచారు. గుర్రాలు లాగిన బస్సుల నుంచి మొదలుపెట్టి చూపిస్తారు, అదీ వాలంటీర్ల చేతుల మీదే నడుస్తుంది. దాని ముందు మాది చాలా చిన్నది. కానీ ఒక బస్సును చివరి మేకు దాకా మన చేతులతో విప్పి బిగించే అవకాశం చిన్నచోటే దొరుకుతుందని నేను గట్టిగా నమ్ముతాను.

ఇప్పుడు పని నడుస్తున్నది ఒక ఆర్‌టీ మీద. లండన్ ఎర్ర బస్సు అనగానే అందరికీ రూట్‌మాస్టరు అనే మోడలు గుర్తొస్తుంది. ఆర్‌టీ దానికి ముందు తరం. ఏఈసీ కంపెనీ ఛాసీ (చక్రాలూ ఇంజనూ ఉండే అడుగు చట్రం), 9.6 లీటర్ల ఆరు సిలిండర్ల డీజిలు ఇంజను. మేడ మీద 30 మంది, కింద 26 మంది, వెరసి 56 సీట్లు. 1939లో మొదలైన ఈ రకం, మధ్యలో యుద్ధం వచ్చి ఆగి, మళ్లీ 1947 నుంచి 1954 దాకా వేల సంఖ్యలో తయారైంది. లేలాండ్ ఛాసీ మీద వచ్చిన అక్కచెల్లెళ్లు ఆర్‌టీఎల్, ఆర్‌టీడబ్ల్యూలను కూడా కలిపితే 7,000కి కాస్త తక్కువ.

మా బస్సుకి ఇంజను పని, రేకు పని, రంగు అయిపోయాయి. మిగిలినవి రెండే. బ్రేకుల గాలి ఎక్కడో లీకవుతోంది, అది పట్టుకోవాలి. ఈ 30 ముక్కలకీ కొత్త గుడ్డ వెయ్యాలి. జూన్ 28న జనాన్ని ఎక్కించుకుని తిప్పాలని సంకల్పం.

ఫిబ్రవరి 22, శనివారం

సీట్లు తీసేసరికి పై కప్పు బయటపడింది. కప్పుది మీగడ రంగు అని కాగితాల్లో ఉంది. మాకు కనిపించింది బెల్లం పాకం రంగు. ఆ రోజుల్లో బస్సులో చుట్టా సిగరెట్టూ కాల్చుకోవాలంటే మేడ మీదికే వెళ్లాలి. పాతికేళ్ల పొగ అంతా అక్కడ పేరుకుంది. సోడా కలిపిన నీళ్లతో తుడిస్తే గుడ్డకి గోధుమరంగు జిగురు వచ్చింది. ఆరు బకెట్లు మార్చాం.

ఒక మూల రంగు పెచ్చులు లేచింది. దాన్ని పొడిగా గీకకూడదు. ఆ కాలం రంగులో సీసం ఉంటుంది కాబట్టి తడిపి, మాస్కు కట్టుకునే గీకాలి. పాత బ్రేకు లైనింగుల విషయంలోనూ ఇంతే, వాటిలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, ఆ దుమ్మును గాలి పెట్టి ఊదకూడదు. ఉత్సాహంగా కొత్తగా వచ్చే పిల్లలకి మొదటి రోజు చెప్పేది ఇదే.

మార్చి 15, శనివారం

ఇవాళ నా వల్ల నష్టం జరిగింది.

సీట్ల పని మొదట బయటికే ఇచ్చాం. ఒక వర్క్‌షాపు వాళ్లు అడ్వాన్సు తీసుకుని, ఎనిమిది నెలలు ఇదిగో అదిగో అని తిప్పి, చివరికి మా వల్ల కాదని డబ్బు వెనక్కి పంపారు. అందుకని మేమే కుట్టుకుందామని తీర్మానించాం. కత్తెర నేను పట్టుకున్నాను.

గుడ్డ పేరు మోకెట్. లండన్ బస్సుల్లో, భూగర్భ రైళ్లలో సీట్లకు వేసేది అదే. ఉన్ని పోగులతో జకార్డు మగ్గం మీద నేస్తారు, పైన దట్టంగా నూగు నిలబడి ఉంటుంది. లక్షల మంది కూర్చుని లేచినా తట్టుకుంటుంది. పాత డిజైను గుడ్డ మళ్లీ నేయించాలంటే మిల్లు తక్కువ గజాలకి ఒప్పుకోదు. అందుకే మాలాంటి నాలుగు షెడ్ల వాళ్లం కలిసి ఒకటే ఆర్డరు పెట్టి పంచుకున్నాం. మా వాటాలో మిగులు పెద్దగా లేదు.

నేను డిజైను ఒక్కటే చూసుకున్నాను. రెండు కుషన్లకి సరిపడా ముక్కలు కత్తిరించి, పాత బ్యాకు పక్కన పెట్టి చూస్తే ఒకటి ముదురుగా, ఒకటి వెలిసినట్టుగా ఉన్నాయి. ఒకే తానులోవే. గుడ్డ మిగిలేలా ఒకదాన్ని తిప్పి పరిచి కోశాను, నూగు తలకిందులైంది. షెడ్డులో ఎవరూ ఏమీ అనలేదు. గేరుబాక్సు పెద్దాయన (ఎనభై దాటాయి, కుర్రతనంలో లండన్ గరాజుల్లో పనిచేశాడు) టీ కలిపి తెచ్చి ఇచ్చాడు. ఇంటికొచ్చినా అన్నం సయించలేదు.

మార్చి 26, బుధవారం

అమ్మ వచ్చింది. చీరాల నుంచి, ఆరు నెలల విజిటర్ వీసా మీద. భోజనాల బల్ల మీద పడి ఉన్న ఆ ముక్కలను చూసి, చెయ్యి కడుక్కుని వచ్చి, అరచేతితో ఒకసారి ఇటు, ఒకసారి అటు రాసింది.

"ఇది ముఖమలు జాతిదే కదుటే. ఎదురు నూగు పెట్టి కోశావు."

ముప్పై ఏళ్లకి పైగా ఇంట్లో మిషను మీద జాకెట్లు కుట్టింది మా అమ్మ. ముఖమలు జాకెట్టు తెచ్చిస్తే ఆమె ముందు కొలత చూడదు, చెయ్యి రాసి చూస్తుంది. చెయ్యి జారినట్టు పోతే అది వాలు, గరుకుగా అడ్డుపడితే అది ఎదురు. ముందు భాగం, వీపు, చేతులు అన్నీ ఒకే వాలుకి కొయ్యాలి, గుడ్డ ఎంత వృథా అయినా సరే. లేకపోతే పెళ్లిలో దీపాల కింద జాకెట్టు రెండు రంగుల్లో కనబడుతుంది. నాకు చిన్నప్పుడు వంద సార్లు చెప్పి ఉంటుంది. విన్నాను, నేర్చుకోలేదు.

"మనిషి కూర్చుంటే ఎటు జారుతుంది ఒళ్లు?" అని అడిగింది. ముందుకి అన్నాను. "అయితే కుషను మీద నూగు వెనక నుంచి ముందుకి వాలాలి. బ్యాకు మీద పైనుంచి కిందికి. ఎదురు పెడితే చీర కుచ్చిళ్లు పట్టుకుంటాయి, లేచినప్పుడు గుడ్డా లేస్తుంది."

రాత్రి కూర్చుని సీటు పనుల పాత పుస్తకం తిరగేశాను. అక్షరాలా అదే రాసి ఉంది, కుచ్చిళ్ల మాట తప్ప.

మా షెడ్డు కార్యదర్శికి ఫోన్ చేశాను. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లు రిజిస్టరైన చారిటీలో మొత్తం 30 రోజులు మించకుండా వాలంటీరుగా చెయ్యొచ్చు. మాది రిజిస్టరైన చారిటీయే. రోజులు లెక్క రాసుకోమన్నారు. గోడ మీది క్యాలెండరులో అమ్మ పేరిట ఒక గడి పెట్టాం.

ఏప్రిల్ 5, శనివారం (అమ్మ 1వ రోజు)

చలికి స్వెట్టరు మీద స్వెట్టరు వేసుకుని, తన కత్తెర సంచీలో పెట్టుకుని వచ్చింది. వేరే కత్తెరలు ఎన్ని చూపించినా ముట్టుకోలేదు.

కొత్త గుడ్డ జోలికి పోకుండా ముందు పాత కుషను ఒకటి విప్పుతానంది. బ్లేడుతో కాదు, ఒక్కో కుట్టూ ఊడదీస్తూ. పై గుడ్డ, దాని కింద గోనెలాంటి ముతక గుడ్డ, కింద నల్లగా చిక్కుపడ్డ వెంట్రుకల పరుపు, దాని కింద స్ప్రింగులు. అడుగు అంచున చేత్తో వేసిన లావు దారం కుట్లు. వాటి దగ్గర ఆగిపోయింది. కళ్లజోడు పైకి తోసి, కుషనును కిటికీ వెలుగులోకి తిప్పుకుంది.

"ఇది కుట్టినవాళ్లది ఎడమచేతి వాటం."

నాకు అర్థం కాలేదు. చూపించింది. కుట్లన్నీ ఎడమకి ఒరిగి ఉన్నాయి. ముడి వేసిన చోట దారం చుట్టు తిరిగిన వైపు కూడా మనకి అలవాటైన దానికి ఎదురు. దబ్బనం తీసుకుని గోనె ముక్క మీద తను నాలుగు కుట్లు వేసింది, అవి కుడికి ఒరిగాయి. రెండూ పక్కపక్కన పెడితే చేతిరాతల్లో తేడా ఎంత స్పష్టంగా ఉంటుందో అంత స్పష్టంగా ఉంది. ఆ తర్వాత విప్పిన ఐదు కుషన్లలో రెండు మళ్లీ ఆ ఎడమచేతివే.

ఎవరై ఉంటారని అడిగింది. గేరుబాక్సు పెద్దాయన స్టూలు లాక్కుని కూర్చుని ఆల్డెన్‌హామ్ సంగతి చెప్పుకొచ్చాడు, నేను తెలుగు చేస్తూ పోయాను. లండన్‌కి ఉత్తరాన ఉన్న ఆ కట్టడం అసలు భూగర్భ రైళ్ల నార్తర్న్ లైను పొడిగింపు కోసం తలపెట్టిన డిపో. యుద్ధం వచ్చి ఆ లైను ఆగిపోయింది, అక్కడ హాలిఫాక్స్ బాంబర్ విమానాలు తయారు చేశారు. యుద్ధం అయ్యాక బస్సుల ఓవర్‌హాలు కార్ఖానా అయింది, 1986లో మూతపడింది. కొన్నేళ్లకోసారి ప్రతి బస్సూ అక్కడికి చేరేది. క్రేనుతో బాడీని ఛాసీ మీద నుంచి ఎత్తేసేవారు. బాడీని పెద్ద చట్రంలో బిగించి పక్కకి తిప్పి అడుగు కడిగేవారు. సీట్లన్నీ ఒక విభాగానికి, ఛాసీ ఇంకో వరుసకి. ఆర్‌టీ బాడీలు ఒకదాని స్థానంలో ఒకటి సరిపోయేంత కచ్చితంగా కట్టారు కాబట్టి, ఏ ఛాసీ ముందు సిద్ధమైతే దాని మీద ఏ బాడీ సిద్ధంగా ఉంటే అది కూర్చోబెట్టి, నంబరు పలక తగిలించి పంపేసేవారు. లోపలికి వెళ్లిన బస్సు, అదే నంబరుతో బయటికి వచ్చిన బస్సు ఒకటి కావు.

"అంటే పేరు ఒకరిది, ఒళ్లు ఇంకొకరిది" అంది అమ్మ.

మా బస్సు పరిస్థితి సరిగ్గా అదే. ఛాసీకీ బాడీకీ పుట్టుక నాడు పరిచయం లేదు. ఈ 15 సీట్లు ఎన్ని బస్సుల్లో తిరిగి దీంట్లోకి చేరాయో చెప్పలేం. చివరి ఆర్‌టీ 1979 ఏప్రిల్ 7న బార్కింగ్‌లో 62వ నంబరు రూటు మీద తిరిగి రిటైరైంది. ఎల్లుండికి 46 ఏళ్లు.

మధ్యాహ్నం టీ దగ్గర పెద్దాయన, మీ వైపు పాత బస్సులు దాచుకున్నారా అని అమ్మని అడిగాడు. నిజాం రైల్వే వాళ్లు 1932లో 27 బస్సులు, 166 మంది సిబ్బందితో హైదరాబాదులో బస్సులు మొదలుపెట్టారని, అవి గ్లాస్గోలో తయారైన ఆల్బియన్ బండ్లని, ఒకదాన్ని ఆర్టీసీ ఇప్పటికీ భద్రంగా ఉంచిందని నేను చెప్పాను. ఆల్బియన్ పేరు వినగానే ఆయన ముఖం వెలిగిపోయింది. మా ఆర్టీసీ బస్సుల నంబర్లలో 'జెడ్' అక్షరం నిజాం తన తల్లి జహ్రా బేగం పేరు మీద పెట్టించిందని చెప్పుకుంటారని అమ్మ చెప్పమంది. చెప్పాను. ఆయన అది తన నోటు పుస్తకంలో రాసుకున్నాడు.

నేను అమ్మని అమ్మా అని పిలవడం విని అందరూ అదే ఆమె పేరనుకున్నారు. సాయంత్రానికి షెడ్డంతా 'అమ్మ'. ఆమెకి మాత్రం వాళ్లందరూ 'అన్నయ్యగారు'.

ఏప్రిల్ 16, బుధవారం (4వ రోజు)

గాలి లీకు దొరికింది. ఈ బస్సులో బ్రేకులే కాదు, గేర్లూ గాలి మీదే పడతాయి. స్టీరింగు కింద చిన్న మీట ఉంటుంది. రాబోయే గేరు ఏదో డ్రైవరు ముందే దాని మీద పెట్టుకుంటాడు. అప్పటికి ఏమీ జరగదు. ఎడమకాలి కింద పెడలు తొక్కి వదిలినప్పుడే గేరు మారుతుంది. గేరుబాక్సులోని పట్టీలను బిగించే బలం గాలిది. ఇంజనుకీ గేరుబాక్సుకీ మధ్య నూనె నింపిన ఫ్లూయిడ్ ఫ్లైవీలు ఉంటుంది కాబట్టి కుదుపు తెలియదు. 1940ల బస్సుని నడుపుతున్నట్టే ఉండదు, అంత మెత్తన. కానీ గాలి దిగిపోతే బండి అడుగు కదలదు.

ట్యాంకు నింపి పొద్దున్నే చూస్తే ముల్లు సున్నా దగ్గర. సబ్బు నురగ పూసుకుంటూ బండి కింద రెండు గంటలు పాకాను. ప్లాట్‌ఫాం వైపు ఒక రాగి గొట్టం చివర, నట్టు లోపల, వెంట్రుకంత చీలిక. బుడగ వచ్చి, ఆగి, మళ్లీ వచ్చింది. గొట్టం చివర కోసి కొత్త రింగు వేసి బిగించాం.

మే 10, శనివారం (11వ రోజు)

ఇప్పటికి 9 ముక్కలు. అనుకున్న దానికన్నా నెమ్మది.

మోకెట్ ఒక మందం, అంచుల్లో వేసే తోలు ఇంకో మందం. మామూలు మిషనులో కింది గుడ్డ నడిచి పై గుడ్డ వెనకబడిపోతుంది, నూగు ఉండటం వల్ల ఇంకా ఎక్కువ. చివరికొచ్చేసరికి అర అంగుళం తేడా. పాదం కూడా సూదితో పాటు అడుగు వేసే బరువు మిషను ఒకటి సభ్యుడొకాయన గరాజులోంచి తెచ్చిచ్చాడు. అమ్మ దాన్ని మూడు రోజులు నమ్మలేదు. ప్రతి కుట్టుకీ ముందు చేత్తో పెద్ద టాకాలు వేసి, మిషను మీద కుట్టి, టాకాలు లాగేసింది. వాటికి పట్టే టైము చూసి నేను తొందరపెట్టాను. "టాకా వెయ్యని చోట మళ్లీ విప్పాలి, అప్పుడు ఎంత పడుతుంది?" అంది. ఒక బ్యాకు నా పద్ధతిలో కుట్టి చూశాను. విప్పాను.

నేను పాడుచేసిన రెండు ముక్కల్లోంచి బ్యాకుల పక్క పట్టీలు తీసింది. సన్నటివి కాబట్టి నూగు వాలు సరిపోయేలా తిప్పుకుని కోసింది. ఎనిమిది పట్టీలు వచ్చాయి. అంత గుడ్డ తాను మీద మిగిలింది.

మే 31, శనివారం (17వ రోజు)

నాలుగు సీట్లు పైకెక్కించి చూశాం. కుషను చట్రంలో కూర్చోవడం లేదు, అర అంగుళం పైకి తేలుతోంది. గుడ్డ తప్పు కాదు. పాత వెంట్రుకల పరుపు పొడిగా రాలిపోతోందని మూడింటిలో కొత్తది వేశాం, అది ఇంకా అణగలేదు. పాత వెంట్రుక ఉతికి, ఆరబెట్టి, చేత్తో విడదీసి వేసిన నాలుగోది చక్కగా కూర్చుంది. దూదేకులవాళ్లు పరుపు దూది విప్పినట్టు విడదీయాలి, అంతే. ఇకనుంచి పనికొచ్చే పాత వెంట్రుక పారెయ్యకూడదని నిర్ణయించాం. ఈ పనికి ఇద్దరు కాలేజీ పిల్లలు కుదిరారు, తుమ్ముకుంటూ మాస్కులు కట్టుకుని కూర్చున్నారు.

జూన్ 28, శనివారం (25వ రోజు)

బస్సు తిరిగింది.

మేడ మీద 11 సీట్లు పూర్తి. మిగతా నాలుగు చోట్లా పాత కుషన్లే పెట్టి, వాటి మీద కూర్చోవద్దని తాడు కట్టాం. ఊరి స్టేషను నుంచి షెడ్డు దాకా, తిరిగి స్టేషనుకి, ఎనిమిది ట్రిప్పులు. టికెట్టు డబ్బులు తీసుకోం, దిగేచోట హుండీ ఉంటుంది. కండక్టరుగా నిలబడ్డ సభ్యురాలు గిబ్సన్ టికెట్ల మిషను మెడలో వేసుకుని, పిడి తిప్పి ఊదారంగు సిరా అచ్చుతో జ్ఞాపకంగా ఒక్కో చీటీ ఇచ్చింది. లండన్ కండక్టర్లు 1953 నుంచి 1993 దాకా వాడిన మిషను అది.

అమ్మ మేడ మీద ముందు సీటులో కూర్చోమంటే కూర్చోలేదు. వెనక నిలబడి జనం ఎక్కడం చూసింది. ఎవరు ఎలా కూర్చుంటున్నారు, లేచేటప్పుడు చెయ్యి ఎక్కడ వేస్తున్నారు, గుడ్డ ఎక్కడ లాగుతోంది, అదే చూసింది. మెట్ల పక్కనున్న సీటు బ్యాకు పై అంచుని అందరూ పట్టుకునే దిగుతున్నారని, అక్కడి తోలు పట్టీకి రెండో వరస కుట్టు వెయ్యాలని ఆమె గమనించింది. కండక్టరు తాడు లాగి రెండుసార్లు గంట కొట్టి బండి కదిలినప్పుడు మాత్రం అలవాటు కొద్దీ నెమ్మదిగా "రైట్ రైట్" అంది.

మూడో ట్రిప్పులో ఒక ముసలామె సీటు మీద చెయ్యి పెట్టి అలాగే చాలాసేపు నిమిరింది. రెండో గేరులో ఎత్తు ఎక్కుతున్నప్పుడు ఇంజను చేసే మూలుగు విని కళ్లు మూసుకుంది. నేనేమీ అడగలేదు.

గాలి ముల్లు రోజంతా దిగలేదు.

జూలై 12, శనివారం (29వ రోజు)

26 ముక్కలు అయ్యాయి. ఇంకా నాలుగు బ్యాకులు. వచ్చే వారం అమ్మ అక్కయ్య దగ్గరికి లీడ్స్ వెళ్తుంది, అటునుంచి అటే ఇండియాకి. ఇవాళ కొత్త కుట్టు వెయ్యలేదు, కాలేజీ పిల్లలిద్దరికీ చేతులు పట్టి టాకాలు వేయించింది. వాళ్లలో ఒకమ్మాయిది ఎడమచేతి వాటం. అమ్మ ఎదురుగా కూర్చుని, అద్దంలో చూసినట్టు చేసి చూపించింది. ఆ పిల్ల కుట్లు ఎడమకి ఒరిగాయి.

బ్యాకుల కొలత కాగితాలన్నీ దళసరి అట్ట మీదికి ఎక్కించి, నూగు వాలుకి బాణం గుర్తులు పెట్టి మేకుకి తగిలించాం. ముందు సీటు కుషను చెక్క అడుగున పేరు రాయమని పెద్దాయన పెన్సిలు ఇచ్చాడు. అమ్మ ఆలోచించి, పేరు రాయలేదు. "నూగు ముందుకి. పాత వెంట్రుకే. దారానికి మైనం పట్టించాను. పక్క పట్టీ అతుకు ఉంది, చూసి విప్పండి. చీరాల, 2025" అని తెలుగులో రాసింది. కింద నేను ఇంగ్లీషులో రాశాను.

మైనపు దారం ఒక ఉండ మాత్రమే ఉంది, నాలుగు బ్యాకులకి చాలదు. బుధవారానికి ఇంకో రెండు తెప్పించాలి.